పరదేశపు వీధిలో ఆహారశుద్ధి

ఛాందోగ్యోపనిషత్తు సప్తమాధ్యాయంలో సనత్కుమారుడు నారదునకు భూమవిద్యను ఉపదేశించి, ఉపసంహార సమయంలో ఆహారశుద్ధిని ప్రస్తావించాడు. ఆహారశుద్ధి నుంచి చిత్తశుద్ధి, దాని నుంచి అచంచలమైన స్మరణ, దాని ఫలంగా బంధవిముక్తి అని ఆ ఉపదేశ సారాంశం. అంతటి మహావిద్యకు ముగింపులో పళ్ళెంలోని పదార్థం ప్రస్తావనకు రావడం మొదట ఆశ్చర్యం కలిగిస్తుంది. ఆలోచించిన కొద్దీ అది ఎంత యుక్తమో బోధపడుతుంది.

ఇక్కడ ‘ఆహారం’ అనే పదానికి ఆచార్యులు రెండు విధాల అర్థం చెప్పారు. శంకర భగవత్పాదుల భాష్యం ప్రకారం ఇంద్రియాల ద్వారా లోపలికి గ్రహించేదంతా ఆహారమే. కన్ను చూసే రూపం, చెవి వినే శబ్దం కూడా ఆహారమే. రాగద్వేషమోహాలు అంటకుండా విషయాన్ని గ్రహించడమే దాని శుద్ధి. భగవద్రామానుజులు శ్రీభాష్యంలో భుజించే అన్నాన్నే తీసుకుని, దానికి జాతిదోషం, ఆశ్రయదోషం, నిమిత్తదోషం అని మూడు దోషాలను చూపారు. పదార్థ స్వభావంలోనే ఉన్నది మొదటిది. అది ఎవరి నుంచి వచ్చిందన్నదానిని బట్టి కలిగేది రెండవది. ఎంగిలి, కేశాదుల సంపర్కం వల్ల కలిగేది మూడవది.

స్వగృహంలో, స్వహస్తపాకంతో జీవించేవారికి ఈ రెండు వ్యాఖ్యానాల నడుమ ఘర్షణ కనిపించదు. వంటిల్లు వేల కిలోమీటర్ల దూరంలో ఉండిపోయినప్పుడు ఆ ఘర్షణ ఎదురుపడుతుంది. ఉద్యోగరీత్యా పిల్లలు దేశాంతరాలలో స్థిరపడగా, వారిని చూడబోయే తల్లిదండ్రులకు నేడు ఇది నిత్యానుభవం. అటువంటి ఒక ప్రసంగం సాధకులకు ఉపకరిస్తుంది.

కోనసీమలోని ఒక అగ్రహారంలో ఒక విశ్రాంత సంస్కృతోపాధ్యాయులున్నారు. త్రికాల సంధ్యావందనం, పంచాయతన పూజ, నలభై ఏళ్ళుగా పరాన్న వర్జనం ఆయన నియమాలు. కుమారుడు హాంకాంగ్‌లో ఉద్యోగి. ధనుర్మాసానికి కొద్ది రోజుల ముందు ధర్మపత్నీ సమేతంగా ఆయన అక్కడికి వెళ్ళారు. ఆమె ఇక్కడి నుంచే అటుకులు, పెసరపప్పు, బెల్లం, ఇంగువ మూటకట్టుకుని వెళ్ళింది. కౌలూన్ ప్రాంతంలోని షామ్ షుయ్ పో అనే పేటలో, అనేక అంతస్తుల భవనంలో చిన్న ఇల్లు. ఆ ఇంట్లోనే మడి కట్టుకుని ఆమె వండేది. తెల్లవారుజామున పొంగలి నైవేద్యం కూడా తప్పలేదు. ఇంట్లో ఏ లోటూ లేదు. సమస్య అంతా వీధిలోనే ఎదురైంది.

తొమ్మిదేళ్ళ మనుమడిని సాయంకాలం బడి నుంచి తీసుకురావడం తాతగారి వంతు. ఆ దారి పొడవునా తినుబండారాల అంగళ్ళే. మసాలా రసంలో మరిగే చేపముద్దలను వెదురు పుల్లలకు గుచ్చి ఇస్తారు. సోయాపాలను విరిచి చేసిన గడ్డను పులియబెట్టి నూనెలో వేయిస్తుంటే, దాని దుర్గంధం వీధి చివరకు కూడా వ్యాపిస్తుంది. పక్కనే జంతువుల పేగులు వేలాడుతుంటాయి. ఆ నగరంలో ఒకనాడు వీధి బండ్లు అసంఖ్యాకంగా ఉండేవి. 1970వ దశకం ఆరంభం నుంచి ప్రభుత్వం సాధారణంగా కొత్త లైసెన్సులు ఇవ్వడం మానివేయడంతో బండ్లు తగ్గి, ఆ వంటకాలు చాలావరకు ఇరుకైన దుకాణాలలోకి చేరాయి. మిగిలిన బండ్ల దగ్గర ఎక్కువగా వృద్ధులే కనిపిస్తారు. ఉపాధ్యాయులవారు ఉత్తరీయం కొంగు నాసికకు అడ్డుపెట్టుకుని, కళ్ళు నేలకు దించి ఆ దారి దాటేవారు.

ఒకనాడు మనుమడు తన దగ్గరున్న నాణేలతో ఒక చిన్న దుకాణంలో రెండు కుడుముల వంటివి కొన్నాడు. వాటిని అక్కడివారు బుట్ జాయ్ గో అంటారు. బియ్యప్పిండి, చక్కెర, ఎర్ర చిక్కుడు గింజలు కలిపి, చిన్న పింగాణీ గిన్నెలలో ఆవిరిపై ఉడికించి, పుల్లకు గుచ్చి ఇస్తారు. పిల్లవాడు ఒకటి తాతగారి వైపు చాచి, “తాతయ్యా, ఇది నీకు” అన్నాడు. ఆయన చేయి వెనక్కు లాక్కుని, “ఛీ, మైల! అవతల పారేయ్” అన్నారు.

పిల్లవాడు పారేయలేదు. కాసేపు ఆలోచించి, “నేను రోజూ తింటున్నాను కదా తాతయ్యా, మరి నేను కూడా మైలేనా?” అని అడిగాడు.

దానికి ఆయన వద్ద సమాధానం లేదు. మరునాటి నుంచి పిల్లవాడు తాతగారి చేయి పట్టుకోవడం మానేశాడు. రెండడుగులు ముందు నడిచేవాడు. బడి కబుర్లు కూడా చెప్పేవాడు కాదు. నాలుగు రోజులు గమనించిన ధర్మపత్ని ఒక రాత్రి, “ఏమండీ, తినకపోవడం మీ నియమం. దాన్ని ఎవరూ కాదనరు. ఛీ అనడం కూడా ఆ నియమంలోదేనా?” అని మాత్రం అని, దీపం తగ్గించి పడుకుంది.

ఆమె శాస్త్రం చదువుకున్నది కాదు. అయినా ఆ ప్రశ్న శాస్త్రీయమైనదే. నియమానికీ, నియమాన్ని ఆశ్రయించి పెరిగే అహంకారానికీ సరిహద్దు ఎక్కడ? ఉపాధ్యాయులవారు తమ వెంట తెచ్చుకున్న ఛాందోగ్యాన్ని తెరిచారు. మొదట ఆయన బుద్ధి ఉషస్తి చాక్రాయణుని కథ వైపు పోయింది.

కురుదేశంలో పంటలు నాశనమై క్షామం వచ్చింది. ఉషస్తి అనే ఋషి ఆకలితో అలమటిస్తూ ఒక మావటివాని గ్రామం చేరాడు. ఆ మావటి నాసిరకపు గుగ్గిళ్ళు తింటున్నాడు. తన ముందున్నవి తప్ప వేరే లేవన్నాడు. ఋషి వాటినే అడిగి తీసుకుని తిన్నాడు. మావటి నీళ్ళు కూడా ఇవ్వబోగా, అవి ఎంగిలి అని ఋషి నిరాకరించాడు. గుగ్గిళ్ళు మాత్రం ఎంగిలి కావా అని మావటి అడిగాడు. అవి తినకపోతే ప్రాణం నిలిచేది కాదు, నీరైతే కోరిన చోట లభిస్తుంది అని ఋషి సమాధానం. బ్రహ్మసూత్రాల తృతీయాధ్యాయ చతుర్థపాదంలో, ప్రాణాపాయంలో మాత్రమే ఆహారనియమానికి సడలింపు ఉన్నదని నిర్ణయించేటప్పుడు భాష్యకారులు చూపేది ఈ కథనే.

ఈ కథను చాలామంది సడలింపుకు మాత్రమే ప్రమాణంగా వాడుకుంటారు. యాత్రలో ఉన్నాము కనుక ఏదైనా తినవచ్చు, ఆపద్ధర్మం అంటారు. కాని హాంకాంగ్‌లో క్షామం లేదు. అంగడిలో బియ్యం ఉంది, ఫలాలు ఉన్నాయి, ఇంట్లో పొంగలి ఉంది. అక్కడ ఉషస్తి పొందిన అనుమతి వర్తించదు. రుచి చూడాలన్న కుతూహలం ప్రాణాపాయం కాదు. ఈ నిర్ణయం ఉపాధ్యాయులవారికి కొంత ఊరట కలిగించింది. తాను తినకపోవడం సరియైనదే.

అయితే కథ అంతటితో ముగియలేదు. ఉషస్తి మావటిని ఏమన్నాడు? నీరు వద్దన్నప్పుడు కూడా కారణం చెప్పాడే గాని, ఛీత్కరించలేదు. ఎదుటివాడు అడిగిన ప్రశ్నకు ఓపికగా బదులిచ్చాడు. నియమం తిరిగి నిలిచిన ఆ క్షణంలో కూడా ఇచ్చినవానిపై తిరస్కారభావం రాలేదు. ఇంతకాలం ఈ కథను పాఠం చెబుతూ వచ్చిన ఆయనకు ఈ సంభాషణలోని మర్యాద అప్పుడు స్ఫురించింది.

దానితో భాష్యకారుల మొదటి అర్థం కూడా గుర్తుకు వచ్చింది. విషయగ్రహణంలో రాగద్వేషాలు లేకపోవడమే ఆహారశుద్ధి అయితే, నోటితో ఏమీ గ్రహించకుండానే ఆ వీధిలో ఆయన ఎంత ద్వేషాన్ని ఆహరించారు! కంటితో చూసిన ప్రతి అంగడినీ జుగుప్సతోనే లోపలికి తీసుకున్నారు. ఒక పసివాని ప్రేమపూర్వక దానాన్ని కూడా ఆ జుగుప్సతోనే తాకారు. రామానుజులు చెప్పిన అన్నశుద్ధి నిలిచింది. శంకరులు చెప్పిన జ్ఞానశుద్ధి చెడింది. నాలుకను కాపాడుకున్నవాడు మనస్సును కాపాడుకోలేదు. శ్రీకృష్ణభగవానుడు గీతలో సప్తదశాధ్యాయంలో ఆహారాన్ని త్రిగుణాత్మకంగా విభజించాడు. దానికి ముందరి అధ్యాయంలోనే దర్పాభిమానాలను ఆసురీ సంపదలో చేర్చాడు. ఈ రెండు అధ్యాయాలనూ కలిపి చదువుకోవాలి.

మరునాడు ఉపాధ్యాయులవారు మనుమనితో, “నాయనా, ఈ వీధిలో ఏది ఏమిటో నాకు తెలియదు. భాష రాదు. నీకైతే వచ్చు. ఒక్కొక్కటీ అడిగి చెబుతావా?” అన్నారు. పిల్లవాడు బడిలో కాంటనీస్ నేర్చుకుంటున్నాడు. కాసేపు తాతగారి ముఖం వైపు చూసి, సరే అన్నాడు.

ఆ విధంగా విచారణ ఆరంభమైంది. విచారణలో మొదట పోయినది నామభ్రమ. ఒక దుకాణంలో పలుచటి బియ్యప్పిండి జావను పళ్ళెంపై పరిచి, ఆవిరిపై ఉడికించి, ఆ తెల్లని పొరను చుట్టగా చుట్టి, ముక్కలుగా కోసి, సోయా రసమూ నువ్వుల ముద్దా వేసి ఇస్తున్నారు. దాని పేరు జ్యూ చ్యోంగ్ ఫన్. ఆ పేరుకు పందిపేగు అనే అర్థం వస్తుందని పిల్లవాడు నవ్వుతూ చెప్పాడు. ఆకారసామ్యం వల్ల వచ్చిన పేరే తప్ప, ఆ సాదా చుట్టలో మాంసం లేదు. వరిపిండిని అంత పలుచని పొరగా తీయడం చూసి, ఉపాధ్యాయులవారికి తమ సీమలోని ఆత్రేయపురం పూతరేకులు జ్ఞప్తికి వచ్చాయి. కొన్ని చుట్టలలో ఎండు రొయ్యలు కలుపుతారనీ, అడిగి తెలుసుకోవాలనీ కూడా తెలిసింది. మరొక చోట లో బాక్ గో అనే పదార్థం ఉంది. ఆ పేరుకు ముల్లంగి దిబ్బరొట్టె వంటి అర్థం వస్తుంది. ఎంత సాత్త్వికమైన పేరు! లోపల మాత్రం ఎండు రొయ్యలూ, మాంసపు ముక్కలూ ఉంటాయి. భయపెట్టిన పేరు వెనుక బియ్యప్పిండి, నమ్మించిన పేరు వెనుక మాంసం. నామరూపాలను దాటి వస్తుతత్త్వాన్ని విచారించమని వేదాంతం చెప్పే మాట ఆ అంగడి ముందు కూడా వర్తించింది.

రెండవది, నియమం తన సొత్తేనన్న భ్రమ. కుడుములమ్మే వృద్ధురాలిని పిల్లవాడు అందులో ఏమున్నదని అడగగా, ఆమె పదార్థాలన్నీ చెప్పి, ఈరోజు తనకు కూడా సిక్ జాయ్ అన్నది. జాయ్ అంటే శాకాహార వ్రతం. చాంద్రమాసంలో మొదటి రోజునా, పదిహేనవ రోజునా మాంసం విడిచిపెట్టే ఆచారం ఆ నగరంలో చాలా కుటుంబాలలో ఉంది. వారి లెక్క మన తిథులతో ఒక రోజు అటూ ఇటూ అయినా, ఆనాడు మన పంచాంగం ప్రకారం మార్గశిర పౌర్ణమి, దత్తజయంతి. తాతగారు ఉపవాసం. చెంగ్ చౌ అనే దీవిలో ఏటా వారి నాల్గవ చాంద్రమాసంలో, అంటే సుమారుగా మన వైశాఖంలో, జరిగే ఉత్సవంలో మూడు రోజులు మాంసం వండకపోవడం సంప్రదాయమనీ, అక్కడి అమెరికన్ ఫాస్ట్‌ఫుడ్ దుకాణం కూడా శాకాహారానికి మారుతుందనీ కుమారుడు ఆ రాత్రి చెప్పాడు.

చైనా బౌద్ధభిక్షువుల నియమం ఇంకా కఠినమైనది. ఉల్లి, వెల్లుల్లి మొదలైన పంచ ఉగ్రద్రవ్యాలను వారు వర్జిస్తారు. ప్రాచీనమైన ఆ పట్టికలోని అయిదవ ద్రవ్యాన్ని పండితులు ఇంగువగా గుర్తిస్తారు. తన ఇంటి పప్పులో, పులిహోరలో నిత్యం పడే ఇంగువ! తన భోజనాన్ని ఆ భిక్షువు ముందు పెడితే అతడు వినయంగా వద్దనవచ్చు. తాను అతని భోజనాన్ని వద్దన్నట్లే. ఎవరి నియమం వారికి శ్రేయస్కరం. ఆ భిక్షువు “ఛీ” అంటే ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి ఆయనకు ఎక్కువ సమయం పట్టలేదు.

మూడవది ముఖ్యమైనది. నియమపు హద్దు ఎంతవరకో తెలియక, అలవాటునే నియమమనుకునే భ్రమ. కొద్ది రోజుల తరువాత ఒక వృద్ధుడు బండిపై పెద్ద బాణలిలో నల్లని ఇసుకను బొగ్గులపై కాచి, అందులో చెస్ట్‌నట్ కాయలను వేయించడం చూశారు. శీతకాలంలో అక్కడ అది పరిపాటి. మన ఊళ్ళలో వేడి ఇసుకలో పేలాలు, వేరుశనగలు వేయించే పద్ధతే. సంప్రదాయంలో నీటితో ఉడికించిన అన్నానికి ఉన్న కట్టుబాటు ఫలాలకూ, పాలకూ, వేయించిన గింజలకూ లేదు. పైగా ఈ గింజకు గట్టి పెంకు కవచం. అయినా ఆయన విచారణ మానలేదు. పక్క అరలో ఉప్పులో కాల్చిన పిట్టగుడ్లు ఉండటం చూసి, అవి కూడా ఈ బాణలిలోనే వేస్తారా అని పిల్లవాని చేత అడిగించారు. కాదు, వాటికి వేరే పాత్ర ఉందని ఆ వృద్ధుడు మూత తీసి చూపించాడు.

ఒక కాగితపు పొట్లం కొన్నారు. ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, భగవంతునికి నివేదించి, తాతామనుమలు పెంకులు ఒలుచుకుంటూ తిన్నారు. రుచి కాల్చిన పనసగింజను తలపించింది. గట్టిగా ఉన్న కాయలను పిల్లవాడు ఒలిచి తాతగారి చేతిలో పెట్టాడు. ఆయన వద్దనలేదు. నలభై ఏళ్ళ వ్రతానికి భంగం కలగలేదు. ఆ తరువాత కూడా ఆయన బుట్ జాయ్ గో తినలేదు. పిల్లవాడు మళ్ళీ ఇవ్వబోలేదు కూడా. కాని బూటు తాడు కట్టుకోవడానికి వంగినప్పుడు, “తాతయ్యా, ఇది కాస్త పట్టుకో” అని పుల్ల అందిస్తే, తాడు ముడి పడేదాకా ఆయన దానిని జాగ్రత్తగా పట్టుకుని నిలబడేవారు.

ఈ వృత్తాంతంలో రెండు రకాల సాధకులకు ఉపదేశం ఉంది. లోకానుభవం పేరుతో కనిపించినదంతా నోట వేసుకునేవారు శ్రీమద్భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత చెప్పిన ఇరవై నలుగురు గురువులలో మీనాన్ని స్మరించాలి. గాలంలో చిక్కిన చేప ప్రాణం కోల్పోయేది జిహ్వవల్లనే. అన్ని ఇంద్రియాలనూ జయించినా, రసనను జయించనివానిని జితేంద్రియుడనడానికి వీలు లేదని ఆ ప్రకరణ తాత్పర్యం. ఇక నియమమే తన ఔన్నత్యానికి చిహ్నమనుకునేవారు, తమ ద్వేషం కూడా ఒక ఆహారమేనని గ్రహించాలి. అది శరీరంలో జీర్ణం కాదు. సంస్కారంగా మిగిలిపోతుంది.

స్వామి వివేకానంద 1893లో చికాగో విశ్వమత మహాసభకు వెళ్తూ హాంకాంగ్‌లో ఆగి, నదీమార్గాన కాంటన్ నగరాన్ని కూడా దర్శించారు. అనంతరకాలంలో ఆయన భక్తియోగ ప్రసంగాలలో ఆహారశుద్ధికి శంకర రామానుజులు చెప్పిన రెండు అర్థాలనూ పక్కపక్కన నిలిపి, రెండూ ఆవశ్యకాలే అని సమన్వయించారు. మతమంతా వంటగదిలోకి కుదించుకుపోవడాన్ని నిష్కర్షగా ఖండించినవారు కూడా ఆయనే. స్థూలశరీరానికి ఒక శుద్ధి, సూక్ష్మశరీరానికి మరొక శుద్ధి. మొదటిది రెండవదానికి సోపానం. సోపానం మీదనే కూర్చుండిపోయేవాడు గర్భాలయం చేరడు, సోపానాన్ని తోసివేసేవాడూ చేరడు.

కనుక పరదేశానికి వెళ్ళే ఆస్తికులు అంగడి ముందు నిలిచినప్పుడు మూడు విషయాలు విచారించుకోవడం మంచిది. ఇందులో ఏమున్నది? ఏ పాత్రలో, ఏ నూనెలో, దేని సంపర్కంతో తయారైంది? దీనిని నేను కోరుతున్నది ఆకలి వల్లనా, చాపల్యం వల్లనా? సమాధానం అనుకూలమైతే భగవదర్పణంగా స్వీకరించవచ్చు. ప్రతికూలమైతే చేతులు జోడించి వద్దనవచ్చు. జోడించిన చేతులకు ఏ దేశంలోనైనా అర్థం తెలుస్తుంది. వద్దన్న తరువాత మనస్సులో ఎదుటివాని పట్ల ఏ భావం మిగిలిందో కూడా ఒకసారి పరిశీలించుకోవాలి. సనత్కుమారుడు నారదునకు చెప్పిన ఆహారశుద్ధిలో ఆ పరిశీలన కూడా అంతర్భాగమే.

స్వస్తి.